సావుకారు లాన్‌లో మా బావ గొర్రెలు

ముప్పై నాలుగేళ్లు తోటపని చేశాను. పులివెందులలో ఒక నర్సరీలో కుండీలు మోసే పనితో మొదలుపెట్టి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు బంగళాలకు లాన్లు వేసే మేస్త్రీగా ముగించాను. మోకాళ్లు ఇక వంగమని మొండికేశాక మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు డిప్లొమాలు చదివి వస్తున్నారు. గడ్డి పేర్లు లాటిన్‌లో చెబుతారు. నాకు పేర్లు రావు గానీ, ఏ గడ్డి ఎందుకు చస్తుందో బాగా తెలుసు. అందులో చాలా భాగం నా చేతుల్లోనే చచ్చింది.

ఎక్కడెక్కడ పనిచేశానో, ఎంత పేరొచ్చిందో రాయబోవడం లేదు. శాలువా ఒక్కసారే కప్పారు, అది కూడా రావలసిన పెద్దమనిషి రాకపోతే. నేను రాసేది ఒక లాన్ గురించి. అది చెబితే మిగతావన్నీ చెప్పినట్టే.

అక్క చెప్పిన మొదటి మాట

ముందు మా బాస్ గురించి చెప్పాలి. పులివెందుల నర్సరీ యజమాని రామలక్షుమ్మ. అందరం అక్కా అనేవాళ్లం. ఆమె భర్త కూడా పొరపాటున ఒకటి రెండుసార్లు అన్నాడు.

పనిలో చేరిన కొత్తలో ఒక డాక్టరుగారి ఇంటి వెనక పెరడు శుభ్రం చేసి రమ్మని నన్ను పంపింది. మనిషెత్తు పిచ్చిమొక్కలు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా నేల అద్దంలా చేశాను. డాక్టరుగారి భార్య బయటికొచ్చి చూసి, అరుగు మీద కూలబడింది. ఆ పిచ్చిమొక్కల మధ్య వాళ్లమ్మ నాటిన సన్నజాజి తీగ ఉందట. దాన్ని కూడా కట్టగట్టి చెత్తలో వేశాను.

నర్సరీకి తిరిగొస్తే అక్క తిట్టలేదు. అన్నం తింటూ చెప్పింది. "కొట్టేదానికి యెవుడైనా పనికొస్తాడప్పా. ఆ అడివిలో తోట యాడుందో సూసేదానికే నీకు కూలి ఇస్తాండేది."

ఆ రోజు నుంచి ఏ పాడుబడిన తోటకు పోయినా మొదటి రోజు కొడవలి బయటికి తీయను. ఊరికే తిరుగుతాను, ఇంట్లోవాళ్లను అడుగుతాను. యజమానులకు ఇది నచ్చదు. కూలి తీసుకుని షికారు చేస్తున్నానని అనుకుంటారు. అనుకోనివ్వండి.

రత్నమ్మగారి తోట

అసలు సంగతికి వస్తాను. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఒక పాత తోట ఇల్లు ఉండేది. రత్నమ్మగారికి పుట్టింటివాళ్లు ఇచ్చింది. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దశెట్టిది బట్టల అంగడి, చిన్నశెట్టిది బంగారు అంగడి. రెండూ ఒకే బజారులో ఎదురెదురుగా ఉంటాయి. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటలు లేవు.

గొడవ దేనికంటే, వాళ్ల నాన్న ఫొటో ఏ అంగట్లో ఉండాలని. రెండో ఫొటో కడిగించుకోవచ్చు కదా అని నాకు అనిపించింది. ఊళ్లో అందరికీ అనిపించింది. అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఏదైనా చెప్పుకోవలసి వస్తే ఇద్దరూ ఒకే గదిలో నిలబడి, "అమ్మా, వానికి చెప్పు" అంటారు. ఆమె అటు తిరిగి చెబుతుంది. రెండో ఆయన విననట్టు నిలబడి, "అమ్మా, వానికి చెప్పు" అంటాడు.

నన్ను పిలిపించింది పెద్దశెట్టి. మాట్లాడింది మాత్రం రత్నమ్మగారు.

"నాకు ఎనబై దాటి వెయ్యి పున్నములు నిండుతాండాయి ఓబులేసూ. ఇంకా మూడు నెలలకు పండగ జేస్తామంటాండారు. పెద్దోని ఇంట్లో పెడితే చిన్నోడు రాడు. చిన్నోని ఇంట్లో పెడితే పెద్దోడు రాడు. హాల్లో పెడితే కుర్చీలు, టేబుళ్లు. ఒకడు ఈ మూల, ఒకడు ఆ మూల. నాకు అది వద్దు. ఇది మా నాయన తోట. ఈడ గడ్డి మీద ఆకులేసి, ఇద్దర్నీ చెరోపక్క కూచోబెట్టుకోని అన్నం తినాల. నాకు ఇంగ ఏ కోరికా లేదు."

"చిన్నసావుకారు ఒప్పుకున్నాడా అమ్మా?"

"ఒప్పుకున్నాడు. వాళ్లన్న జేయించే పని ఎట్లాగూ అయ్యేది గాదని నమ్మకం. అందుకే ఒప్పుకున్నాడు."

మూడు నెలల్లో లాన్ సిద్ధమైతే అన్నదమ్ములు ఒక పంక్తిలో కూర్చుంటారు. కాకపోతే కుర్చీలు వస్తాయి. అప్పటిదాకా నా లాన్ల మీద పిల్లలు ఆడుకున్నారు, కుక్కలు పొర్లాయి. ఒక కుటుంబం మొత్తం గడ్డి మీద ఆధారపడడం నాకు అదే మొదటిసారి. ఒప్పుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెబితే అబద్ధం, బాగానే పట్టింది. నాకు అప్పట్లో నా మీద అంత నమ్మకం.

కంప

ఆ తోటలో ఇరవై ఏళ్లుగా ఎవరూ అడుగుపెట్టలేదు. ఎకరం పైగా కంపచెట్లే. మా వైపు పుట్టినవాళ్లకు కంప గురించి చెప్పక్కర్లేదు. బయటివాళ్లకు చెబుతున్నాను. కొన్నిచోట్ల సర్కారు తుమ్మ అంటారు, వేలెడంత ముల్లున్న చెట్టు. నరికితే పదింతలై లేస్తుంది. కాల్చితే బొగ్గవుతుంది గానీ వేరు చావదు. నేల కింద జానెడు లోతున గడ్డలా ఉండే మొదలును తవ్వి తీస్తే తప్ప దానికి చావు లేదు. కొత్తవాళ్లు పైన నరికి, ఫొటో తీసుకుని, దుడ్లు తీసుకుని పోతారు. మొదటి వానకు యజమాని ఫోన్ చేస్తే ఎత్తరు.

మేం అలా చేయలేదు. రెండు రోజులు తిరిగి, గంధపు చెట్టు ఒకటి, పాత బావి, రత్నమ్మగారి చిన్నప్పటి ఉయ్యాల రాళ్లు గుర్తుపెట్టుకున్నాం. తర్వాత జేసీబీ పెట్టాం. కంప ముల్లు దిగి జేసీబీ టైరుకు పంక్చరైంది. ఆ చెట్టు మీద నాకు గౌరవం పెరిగింది. మిగిలిన మొదళ్లన్నీ గడ్డపారలతో తవ్వి తీశాం. పొదల నడుమ ఒక స్కూటర్ కూడా దొరికింది. అది ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

పదిహేను రోజులకు నేల బయటపడింది. అది నల్లరేగడి. ఇక్కడ ఒక సలహా. రేగడి మీద నేరుగా లాన్ వేయకండి. ఎండాకాలం నోరు తెరుస్తుంది, వానాకాలం చెప్పులు ఊడబీకుతుంది. పైన జానెడు మందం ఎర్రమట్టి, ఇసుక కలిపి పోయాలి. పోశాం. ఇక ఎరువు ఒక్కటే మిగిలింది. అక్కడ నా చదువంతా బయటపడింది.

ఆరు రాత్రుల సేద్యం

మాది తొండూరు దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. పంట వేసే ముందు చేలో రాత్రుళ్లు మందను ఆపుకుంటే ఎరువూ, మూత్రమూ రెండూ నేలకు చేరతాయి. మా వైపు రైతులు మందల కోసం బతిమాలి పిలుచుకుంటారు. మా ఇంట్లో గొర్రె ఎరువు మీద నమ్మకం దేవుడి మీద కంటే ఒక మెట్టు ఎక్కువ. సంచుల్లో దొరికే ఎరువు కొనమని పెద్దశెట్టి అంటే నాకు నవ్వొచ్చింది. మా బావ ఎర్రన్నకు కబురు పంపాను.

బావ మందతో దిగాడు. నెల రోజులుగా పెన్న ఒడ్డున మేపుతున్నాడట. గొర్రెలు భలే నిగనిగలాడుతున్నాయి.

"ఏం మేపినావు బావా?" అన్నాను.

"కంపకాయలు. రాలినవన్నీ ఏరుకోని తింటాండాయి. సూడు, ఎట్ల బలిసినాయో."

అప్పుడు కూడా నాకు తట్టలేదు. పుట్టినప్పటి నుంచి గొర్రెల మధ్య పెరిగినవాణ్ని. కంపకాయలో గింజ ఉంటుందని తెలుసు. గొర్రె దాన్ని నమలదని తెలుసు. పొట్టలో నానిన గింజ మామూలు గింజ కంటే తొందరగా మొలుస్తుందనీ తెలుసు. ఈ మూడూ విడివిడిగా తెలుసు. మూడింటినీ ఒకచోట పెట్టి చూసే తెలివి ఆ వారం సెలవు మీద ఉంది.

ఆరు రాత్రులు మంద ఆపాం. పదిహేను రోజులు చెమటోడ్చి మేం వేళ్లతో సహా తీసిన కంపను, ఆరు రాత్రుల్లో మా బావ గొర్రెలు తిరిగి నాటాయి. నీళ్లు, ఎరువు కూడా అవే పెట్టుకున్నాయి. వరసలు సరిగ్గా లేవన్నది తప్ప పనిలో లోపం లేదు.

దాని మీద నేల చదును చేసి, గడ్డి పిలకలు నాటి, రోజూ రెండు పూటలా నీళ్లు పెట్టాను.

మెషిన్ చేసిన మోసం, అంటే నేను చేసింది

మూడో వారానికి పచ్చ పొర లేచింది. దగ్గరికి పోయి చూస్తే గడ్డి కంటే ముందు ఇంకేదో లేచింది. రెండు ఆకుల మొలకలు, అడుగడుక్కీ గుప్పెడు. ఇంకో వారానికి ఆకు చీలింది. కంప ఆకు నాకు చీకట్లో చేత్తో తడిమినా తెలుస్తుంది.

ఇక్కడే నేను చేసిన అసలు తప్పు. గొర్రెలను ఆపడం పొరపాటు. తర్వాత చేసింది తప్పు. మొలక లేతగా ఉన్నప్పుడు సావుకారుకు నిజం చెప్పి ఉంటే, నలుగురు ఆడకూలీలను పెట్టి నాలుగు రోజుల్లో గిల్లి పారేయించేవాణ్ని. చెప్పలేదు. గడ్డి కోసే మెషిన్ తెచ్చి నడిపించాను. పైన అంతా ఒక మట్టంగా పచ్చగా వచ్చింది. గేటు దగ్గర నిలబడి చూస్తే విమానాశ్రయంలో లాన్ కూడా అంత బాగుండదు.

చిన్నశెట్టి ఒకరోజు కారు ఆపి, గేటు బయట నుంచే చూసి, మొహం మాడ్చుకుని పోయాడు. పెద్దశెట్టి ఆ సంగతి విని నాకు కొత్త పంచె పెట్టాడు. ఆ పంచె తీసుకుంటూ ఆయన మొహం చూడలేక తల వంచుకున్నాను. ఆయన భక్తి అనుకున్నాడు.

కోసినకొద్దీ కంప కింద మొదలు గట్టిపడుతుంది. రెండో కోతకు పుల్లలయ్యాయి, మూడో కోతకు ముళ్లు మొదలయ్యాయి. పండగ ఇంకా పన్నెండు రోజులుందనగా భయమేసి అక్కకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"మందు యేదన్నా ఉందా అక్కా? గడ్డి బతికి కంప సచ్చేది?"

"ఉంది. కొడితే మొక్క సస్తాది. ముల్లు సస్తాదా? ఎండిన ముల్లు ఇంగా బాగా గుచ్చుతాది."

"మరి ఏం జేయాల?"

"పీకాల. నీళ్లు పెట్టి, ఒక్కోటి, వేరుతో."

"ఎంతమంది గావాల?"

"గొర్రెల్ని ఎన్ని తోలినావో అంతమంది."

కూలీల కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. అది శనగ పీకే కాలం. జమ్మలమడుగు రేగడిలో శనగ చేతికొచ్చిందంటే మనిషి దొరకడు. అందరూ శనగ పీకుతుంటే, కంప పీకేదానికి వస్తారా అని అడుగుతూ తిరిగేవాణ్ని నేనొక్కణ్నే.

పీకుడు

పండగ ఇంకా పది రోజులుంది. పొద్దున్నే రత్నమ్మగారు చెప్పులు గేటు దగ్గర విడిచి, పచ్చిక మీద నడిచి చూద్దామని వచ్చింది. వద్దనేలోపలే నాలుగడుగులు వేసింది. ఐదోది వేయలేదు. వంగి, పాదం కింద నుంచి పుల్ల తీసి చూసింది.

"ఏంది ఓబులేసూ ఇది?"

చెప్పాను. గొర్రెలు, కాయలు, మెషిన్, పంచె, అన్నీ చెప్పాను. వెనకే వచ్చిన పెద్దశెట్టి విన్నాడు. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, అన్నీ సబబైనవే. చివరికి, "వాని ముందర నన్ను నవ్వులపాలు జేసినావు గదప్పా" అన్నాడు. తిట్ల కంటే అది ఎక్కువ తగిలింది. ఆ రోజు నేను నిజంగా సిగ్గుపడ్డాను.

మా బావను కూడా పిలిచారు. బావ తోట చూసి ఏమాత్రం బెదరలేదు. "నా గొర్రెలు తప్పు జేసినాయంటారా? తిన్నాయి, పెంట ఏసినాయి. నీళ్లు పెట్టమని అవి చెప్పినాయా?" అన్నాడు. 

ఈలోగా రత్నమ్మగారు ఒక పీట తెప్పించుకుని కూర్చుని, ఒక కంప మొక్కను ఊపి ఊపి పీకింది. "పెద్దోడా, నువ్వు అరిస్తే ఇవి రాలవు. కూచో, పీకు" అంది. తర్వాత ఫోన్ తెమ్మని చిన్నకొడుకుతో మాట్లాడింది. "నాయనా, మీ అన్న గడ్డి ఏస్తే కంప మొలిచింది. సూద్దువు రా."

చిన్నశెట్టి అంగడి వదిలి పావుగంటలో వచ్చాడు. మొహంలో తొమ్మిదేళ్ల పండగ కనిపిస్తోంది. గేటు దాటి నాలుగడుగులు వేశాడో లేదో, వాళ్లమ్మ ఒక చిన్న గునపం చేతిలో పెట్టింది. "సూసినావు గదా. ఇంగ ఆ మూల నుంచి పీకు" అంది. ఆమెకు ఎదురుచెప్పడం ఇద్దరు కొడుకులకూ అలవాటు లేదు. వాళ్లకున్న పోట్లాటంతా ఒకరితో ఒకరికే.

ఒకరు తూర్పు మూల, ఒకరు పడమటి మూల. కోడళ్లు, మనవరాళ్లు, అంగట్లో గుమాస్తాలు, నేను, నా మనుషులు ఇద్దరు మధ్యలో. రోజూ సాయంత్రం నీళ్లు పెట్టడం, పొద్దున అంగళ్లు తెరిచేదాకా పీకడం. అన్నదమ్ములిద్దరూ పీకిన కంపను ఎవరికి వారు కుప్ప పోసుకునేవాళ్లు. పోయేముందు ఎదుటి కుప్ప వైపు ఓరగా చూసుకునేవాళ్లు. అంగట్లో వ్యాపారం అంత పట్టుదలగా చేసి ఉంటారా అన్నది అనుమానమే.

ఏడో రోజుకు ఇద్దరూ నడిమధ్యకు వచ్చారు. మధ్యలో పది అడుగుల జాగా మిగిలింది. పెద్దశెట్టి కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. వంచిన తల ఎత్తకుండా పీకుతున్నాడు. చిన్నశెట్టి కాసేపు చూశాడు.

"అమ్మా, వాడు పీకేది గడ్డి. వానికి చెప్పు."

రత్నమ్మగారు చెవి మీద చెంగు సర్దుకుంది. "నాకు సరిగ్గా వినపడదు నాయనా. నువ్వే చెప్పు."

తోటలో అందరి చేతులూ ఆగాయి. చిన్నశెట్టి ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి గేటు వైపు చూశాడు.

"న్నా, నువ్వు పీకేది గడ్డి."

పెద్దశెట్టి తన గుప్పిట విప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. "ఎప్పట్నుంచి?"

"పొద్దున్నుంచి."

"పొద్దున్నుంచి సూస్తా ఉండి, ఇప్పుడా చెప్పేది?"

"నువ్వు అడిగినావా?"

ఇక అక్కడ నుంచి ఇద్దరూ అరగంట పోట్లాడుకున్నారు. గడ్డి నుంచి ఫొటో దాకా, ఫొటో నుంచి చిన్నప్పుడు ఎవరు ఎవరి పలక పగలగొట్టారన్నదాకా పోయారు. అంతా నేరుగా, మధ్యలో వాళ్లమ్మ లేకుండా. కోడళ్లు ఆపబోతే రత్నమ్మగారు చేయి అడ్డం పెట్టి, "ఉండండి, పోట్లాడుకోనీ" అంది. ఆమె ఏడుస్తోంది. నేను తల తిప్పుకుని మొక్కలు పీకాను. వాటిలో కొన్ని గడ్డి కూడా అయి ఉండవచ్చు.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసింది చెబుతాను, మళ్లీ మరిచిపోతాను. పచ్చి ఎరువు లాన్‌కు వేయకండి. ఆరు నెలలు కుప్పలో కుళ్లాక వేయండి. పశువు ఏం తిన్నదో అడగకుండా దాని ఎరువును నమ్మకండి, సొంత బావదైనా సరే. నాటే ముందు నేలకు రెండు వారాలు ఊరికే నీళ్లు పెట్టి, మొలిచేవాటిని మొలవనిచ్చి తీసేయండి. నాకు ఈ పద్ధతి అక్క ఎప్పుడో చెప్పింది. తొందరలో వదిలేశాను.

తప్పు జరిగితే మాత్రం మెషిన్ తేకండి. యజమానిని పిలవండి. తిట్లు ఒక పూటలో అయిపోతాయి.

పంక్తి

పండగ రోజున లాన్ అంత గొప్పగా లేదు. అక్కడక్కడా బొక్కలు పడ్డాయి, పెద్దశెట్టి కూర్చుని పీకినచోట గడ్డే లేదు. అయినా మెత్తగా ఉంది. విస్తళ్లు వేశారు. పప్పు, పులిహోర, మా వైపు ఓళిగలనే బొబ్బట్లు వడ్డించారు. రత్నమ్మగారికి కుడిపక్క పెద్దకొడుకు, ఎడమపక్క చిన్నకొడుకు. నన్ను వడ్డించేవాళ్లతో ఉండనివ్వకుండా, "ఓబులేసూ, నువ్వూ కూచో" అని తన ఎదుటి వరసలో కూర్చోబెట్టింది. పెద్దశెట్టి పెట్టిన పంచె కట్టుకుని పోయాను.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పంక్తిలో కూర్చున్నవాళ్లు అందరూ తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ఒకరు లేస్తే పంక్తి అంతా లేవాలి.

కూర్చున్న మరుక్షణమే నాకు తెలిసింది. తోట మొత్తంలో మేం ఏరకుండా వదిలిన ఎండుముల్లు ఒకటుంది. అది సరిగ్గా నా కింద ఉంది. పంచె దాటి లోపలికి దిగింది. కొంచెం జరిగితే ఇంకొంచెం దిగింది. లేద్దామని చేయి నేలకు ఆనించాను. అప్పుడు ఎదురుగా చిన్నశెట్టి వడ్డించేవాణ్ని పిలిచి, "అన్నకు ఓళిగ ఇంగోటి ఎయ్యప్పా, నెయ్యి బాగా పొయ్యి" అన్నాడు. పెద్దశెట్టి వద్దనలేదు. "వానికి గూడా ఎయ్యి" అన్నాడు. ఇద్దరి మధ్యలో రత్నమ్మగారు అన్నం కలపడం మాని, ఒకసారి ఇటు, ఒకసారి అటు చూస్తోంది.

ఆనించిన చేయి తీసేశాను. పప్పు తిన్నాను, ఓళిగ తిన్నాను. పెరుగన్నం దాకా అందరూ వచ్చేశారు. ఆ ఇద్దరు మాత్రం పలక ఎవరు పగలగొట్టారన్న దగ్గరే ఉన్నారు. రెండోసారి పులిహోర పెట్టించుకున్నారు. మూడోసారి కూడా పెట్టించుకున్నారు.

"ఏందప్పా ఓబులేసూ, కండ్లలో నీళ్లు?" అంది రత్నమ్మగారు.

"సంతోషంతో అమ్మా" అన్నాను.

అది అబద్ధమేమీ కాదు. కదలకుండా కూర్చుని, ఇంకో ఓళిగ పెట్టించుకున్నాను.